మన కొలతకు మన ఊలు కోటు



మా సంఘం ఊలు కోట్లు అల్లిన సంగతి చెప్పమన్నారు. అనంతగిరిలో ఊలు కోటేందని వెనక వరుసలో నవ్వుతున్నారు, వినబడింది. ఎండాకాలం మాట వేరే. యాసంగి నాట్లకు డిసెంబరు, జనవరిలో తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కి పోతాం కదా, అప్పుడు కాలువ మీది గాలికి పళ్లు కొట్టుకుంటయ్. చీర మీద ఇంట్లో మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటాం. ఆ చొక్కా బురద ఆపుతుంది గానీ చలి ఆపదు. అందుకే మొదలుపెట్టినం.

ఊలు మనకు కొత్తదేం కాదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోతే భుజాన గొంగడి వేసుకొచ్చిన వాళ్లు కనబడతారు. నల్లగొర్రె ఉన్నిని ఆడవాళ్లు వడికితే మగవాళ్లు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడతారు. వానకూ చలికీ దానిని మించింది లేదు. కాకపోతే అది బిరుసు, నేత బట్ట, సాగదు. మేము చేసింది రెండు సూదుల అల్లిక. ఇది ఒంటితో పాటు సాగుతుంది.

అల్లిక పుస్తకం ఒకటి సంపాదించినం. అందులో కోటు బొమ్మ బాగుంది. కానీ ఆ కొలత ప్యాంటు, షర్టు వేసుకునే సన్నటి మనిషికి. మనం జాకెట్టు, దాని మీద కొంగు, నలుగురు పిల్లలను ఎత్తిన భుజాలు. పుస్తకం చెప్పినట్టు అల్లితే తొడుక్కోవడమే కుదరదు. అందుకే పుస్తకంలో పద్ధతి తీసుకున్నాం, కొలత మాత్రం మనది పెట్టుకున్నాం.

ముందు చెయ్యాల్సింది నమూనా ముక్క. 30 కుట్లు ఎక్కించి జానెడు పొడవు అల్లండి. అంచులు వదిలేసి నడుమ 4 అంగుళాలలో ఎన్ని కుట్లున్నయో లెక్కపెట్టండి. మాకు 20 వచ్చినయ్, అంటే అంగుళానికి 5. పుస్తకంలో 22 అని ఉంది, అంటే అంగుళానికి ఐదున్నర. అర కుట్టే కదా అనుకోవద్దు. వీపు 21 అంగుళాలు కావాలంటే పుస్తకం లెక్క 116 కుట్లు. మా చేతితో ఆ 116 అల్లితే 23 అంగుళాలు దాటుతుంది. ముందు భాగం కూడా అంతే, మొత్తం మీద నాలుగు అంగుళాలకు పైన వదులు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరి చెయ్యి వదులు. పక్కావిడ లెక్క మీకు పనికిరాదు.

సూదుల నంబరు కూడా తికమక పెడుతుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25. ఒళ్లంతా 8తో అల్లి, అంచు పట్టీలు 10తో అల్లితే పట్టీ బిగువుగా నిలబడుతుంది.

ఛాతీ కొలత ఒక్కటి తీసి రెండు చేయొద్దు. మన ఆడవాళ్లకు ముందు వైపు ఎక్కువ, వెనక తక్కువ ఉంటుంది. టేపును చంక పక్క నుంచి పక్కకు ముందు ఒకసారి, వెనక ఒకసారి పట్టండి. మా సంఘంలో ఒక అక్కకు చుట్టుకొలత 38. వెనక 18, ముందు 20. చీర కోసం ఒక్కో వైపు 2 అంగుళాలు కలిపినం. వీపుకు 20 అంగుళాలు, 100 కుట్లు. ముందు 22 అంగుళాలు, రెండు పలకలుగా ఒక్కో దానికి 11, అంటే 55 కుట్లు. గుండీల పట్టీ వేరే అల్లి కుట్టినం. పక్కలు ముందుకు లాగకుండా సరిగ్గా కూర్చుంది.

మిగతా కొలతలకు ఆ పాత చొక్కానే పరిచినం. ఏళ్ల తరబడి తొడిగింది కదా, ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ చినిగిందో అదే చూపిస్తుంది. అందరి చొక్కాలూ చంకలోనే చినిగినయ్! నాటు వేసేటప్పుడు, మోపు ఎత్తేటప్పుడు అక్కడే లాగుతది. చంక లోతు పెంచితే చెయ్యి ఎత్తగానే కోటంతా పైకి లేస్తుంది. అందుకని రెండున్నర అంగుళాల చదరపు ముక్క అల్లి, చంక కింద మూలగా పెట్టి కలిపినం. పుస్తకంలో ఇది లేదు. పొడవు నడుము దగ్గరే ఆపినం, కొంగు రొంటిన దోపుకోవాలి కదా. చెయ్యి మోచేతి కింద నాలుగు వేళ్ల వరకే, గాజులకూ నీళ్లకూ అడ్డం రాకుండా. లోపల సెల్లుకు ఒక జేబు. ఈ జేబు చూసే మా ఊళ్లో సగం మంది అడిగినరు.

ఒక్క జాగ్రత్త. దుకాణంలో ఊలు అని ఇచ్చే ఉండల్లో చాలావరకు ఊలు కాదు, అక్రిలిక్ దారం. చిన్న పోగు తీసి పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడండి. అసలు ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి గింజ అవుతుంది. చలికి అది చాలు, ధర తక్కువ, ఉతకడం సులువు. అయితే నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ కోటుతో కట్టెల పొయ్యి ముందు, చలిమంట ముందు కూర్చోవద్దు. అసలు ఊలును మాత్రం వేడి నీళ్లలో వేసి రుద్దొద్దు, ముడుచుకుపోయి పిల్లల కోటవుతుంది.

ఇక డబ్బు సంగతి. మా కోట్లు చూసి ఒక వ్యాపారి వచ్చిండు. దారం మేమిస్తం, కోటుకు 150 రూపాయల కూలి, సంఘం తరఫున ముందు డిపాజిట్ కట్టాలి అన్నడు. పొదుపులోంచి తీద్దామని కొందరు తీర్మానం పుస్తకం కూడా తెరిచినరు. అప్పుడు లెక్క వేసినం. రాత్రిపూట రెండు గంటల చొప్పున 25 రోజులు పట్టింది, మొత్తం 50 గంటలు. 150ని 50తో భాగిస్తే గంటకు 3 రూపాయలు. 2024లో బడి యూనిఫాం కుట్టు కూలి జతకు 50 నుంచి 75 రూపాయలు చేస్తేనే ఇంకా చాలదని మనం మాట్లాడుకున్నాం. పైగా దారం బాగాలేదనో, కుట్టు తప్పిందనో డిపాజిట్ పట్టుకుంటే ఎవరిని అడగాలి? కాగితం ఇవ్వమంటే ఇవ్వలేదు. వద్దని రాసి సంతకాలు పెట్టినం. కొందరికి మా మీద ఇప్పటికీ కోపం ఉంది, ఉండనీయండి.

కోటు అల్లకానికి బ్యాంకు లింకేజీ అప్పు తీసుకోవద్దనే మా మాట. మిషను మీద చేసినదాని ధరకు మన చేతి పని నిలబడదు. మీ కోసం, మీ అమ్మ కోసం అల్లండి. ఎవరైనా కొలతిచ్చి అడిగితే దారం డబ్బు ముందే తీసుకోండి, గంటల లెక్క చెప్పి కూలి అడగండి.

నాలుగు కోట్లు, నమూనా ముక్కలు, టేపు ఆ బల్ల మీద పెట్టినం. భోజనాలప్పుడు తొడిగి చూడండి, కొలతలు రాసుకుపోండి. ఇప్పుడు కోశాధికారి గారు జమాఖర్చులు చదువుతారు.