దిక్కులేని బండ్లు – మన డిమాండు



రాత్రి డ్యూటీకి వచ్చు ఉద్యోగికి స్టేషను స్టాండులో బండి నిలుపుకొనుటకు చోటు దొరకదు. ఎవరూ తీసికొనిపోని స్కూటర్లు, కార్లు నెలల తరబడి దుమ్ము పట్టి పడియున్నవి. ట్యాంకులలో పెట్రోలు, బ్యాటరీలలో ఆమ్లము అట్లే ఉన్నవి. నిప్పురవ్వ పడినచో ప్రక్కనున్న మన బండ్లును కాలును.

చట్టము లేకపోలేదు. మోటారు వాహనాల చట్టము 127వ సెక్షను ప్రకారము, బహిరంగ స్థలములో 10 గంటలు దాటి వదలివేసిన బండిని పోలీసు అధికారి తొలగింపజేయవచ్చును. అయితే రుసుము పుచ్చుకొను స్టాండుకు ఈ లెక్క సరిపడదు. రన్నింగ్ సిబ్బంది బండి మూడు దినములు నిలిచినంత మాత్రమున దిక్కులేనిదగునా? కాంట్రాక్టరు తొందరపడి వేలము వేసినచో నష్టపోవునది మనమే!

కనుక మేము కోరునది ఇది. ముందు రిజిస్ట్రేషను నంబరునుబట్టి యజమానికి నోటీసు పంపవలెను. దొంగబండియేమో పోలీసులచే విచారింపజేయవలెను. అటుపిమ్మటనే వేలము. తుక్కుచేయుట 2021 నియమముల క్రింద నమోదైన కేంద్రములోనే జరుగవలెను. అచ్చట నూనెలు, బ్యాటరీలు ముందుగా తీసివేయవలెనని నిబంధన ఉన్నది. సందులోని తుక్కు దుకాణములో ఆ పని వట్టిచేతులతో చేయువారును కార్మికులే.

మరియొక మాట. 15 ఏండ్లు నిండిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదు. మెయిల్ మోటారు బండ్లకును ఇదియే వర్తించును. బండి తుక్కునకు పోవుగాక, డ్రైవరు పోస్టు దాని వెంట పోరాదు. ఏ డిపోలో ఎన్ని బండ్లు పోయినవో, వాటి స్థానే ఎన్ని వచ్చినవో శాఖా కార్యదర్శులు లెక్క వ్రాసి మాకు పంపవలెను.