అర్జీ వేరు, ఉత్తరం వేరు

(సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి డిగ్రీ, పీజీ చదువుతున్న పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, సంఘం కార్యకర్తలూ కూడిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



అర్జీ రాయడం మన పల్లెలకి తెలియని విద్యేం కాదు. ఇళ్ళస్థలం కోసం తాసిల్దారుకి, పింఛను కోసం ఎంపీడీవోకి, శ్మశానానికి దారి కోసం కలెక్టరుకి మనం రాసినన్ని అర్జీలు ఇంకెవరు రాశారు? సంఘంలో తిరిగే మా బోటి టీచర్లకి సాయంత్రాలన్నీ ఆ పనికే సరిపోయాయి. "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి, "నిరుపేదలం, దయతలచి" అని నడిపి, "చిత్తగించవలెను" అని ముగించేది. ఆ వంగుడు మనకి పుట్టుకతో వచ్చింది కాదు. కచ్చేరీలు నేర్పినయ్. వంగితేనే కాగితం ముట్టుకున్నారు కాబట్టి నేర్చుకున్నాం.

ఇవాళ ఇంకో రకం కాగితం గురించి మాట్లాడుకుందాం. ఇది వంగి రాస్తే చిత్తుబుట్టలోకి పోయే కాగితం. విదేశాల్లో పెద్ద చదువుకి పోదామనుకునే మన పిల్లలు అక్కడి ప్రొఫెసర్లకి "మీ దగ్గర రీసెర్చి అసిస్టెంటుగా చోటుందా?" అని అడుగుతూ పంపే ఈమెయిలు ఉత్తరం.

అమ్మలకీ అయ్యలకీ అర్థమయ్యేట్టు ముందు చెప్పాలి. అమెరికా యూనివర్సిటీలో ప్రొఫెసరు పాఠం చెప్పి ఇంటికి పోయే పంతులు కాదు. సైన్సు వాళ్ళయితే ఎన్.ఎస్.ఎఫ్. అనీ, వైద్యం వైపు వాళ్ళయితే ఎన్.ఐ.హెచ్. అనీ, అక్కడి ప్రభుత్వ సంస్థల దగ్గర పరిశోధనకి డబ్బు తెచ్చుకుంటారు. మేస్త్రీ పని ఒప్పుకున్నట్టే. పని ఒప్పుకున్నాక చేసేవాళ్ళు కావాలి గదా! ఆ చేసేవాళ్ళే పి.హెచ్.డి. పిల్లలు. వారానికి 20 గంటల పని. ఆ పనికి నెలనెలా జీతం ఇస్తారు, చాలాచోట్ల చదువు ఫీజు కూడా ఆ లెక్కలోనే పోతుంది. దీన్నే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగం అంటారు. ఇది దానం కాదు. చేసిన పనికి కూలి. కూలి అడగడానికి మనకి సిగ్గేంటి? తరతరాలుగా అడుగుతూనే ఉన్నాం, కొలత తక్కువైతే కొట్లాడుతూనే ఉన్నాం.

ఇది మనకే ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. అమెరికాలో ఎం.ఎస్. అంటే ఎక్కువమంది సొంత డబ్బుతో చదివేదే. లక్షలు పదుల్లో అవుతాయి. బ్యాంకు అప్పు ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతుంది. మన దగ్గరున్న తాకట్టు ఏంది? ఇందిరమ్మ ఇల్లా? అదే పి.హెచ్.డి.కి అయితే చాలా డిపార్టుమెంట్లు వాళ్ళే డబ్బిచ్చి చదివిస్తాయి. ఈ ఒక్క ముక్క మన హాస్టళ్ళలో నూటికి తొంభైమందికి తెలియదు. అమీర్‌పేట కన్సల్టెన్సీ వాడు చెప్పడు. డబ్బు కట్టి పోయే పిల్లవాడి మీద వాడికి కమీషను వస్తుంది గానీ, డబ్బు తీసుకుంటూ చదివే పిల్లవాడి మీద ఏమొస్తుంది?

"మరి ప్రభుత్వం స్కాలర్‌షిప్పులున్నయ్ గదా సార్" అంటారు. ఉన్నయ్, వదలొద్దు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు 1954-55 నుంచీ ఉంది. దేశం మొత్తానికి ఏడాదికి 125 సీట్లు, అందులో ఎస్సీలకి 115. ఇంత దేశానికి 115! 2022లో దానికి ఇంకో మెలిక పెట్టారు. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకి విదేశాలకి పంపం అన్నారు. అంటే కులం గురించి పరిశోధన చేస్తానన్న మాదిగ పిల్లకి, మాల పిల్లవాడికి ఆ తలుపు మూసినట్టే. 2025-26కి 106 మందిని ఎంపికచేసి, ముందు 40 మందికే ఉత్తర్వులిచ్చారు. మిగతావాళ్ళని నిధులుంటే చూస్తాం అన్నారు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇచ్చే పథకం ఉంది. ఆంధ్రలో ప్రభుత్వం మారినప్పుడల్లా విదేశీ విద్య పథకానికి పేరు మారింది. వీటికోసం కొట్లాడటం ఉద్యమం పని. ఆ కొట్లాట తేలేదాకా పిల్ల వయసు ఆగదు. అందుకని ఈ ఉత్తరం తలుపు కూడా తట్టాలి.

మా దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. తల్లి మిరపకోతలకి పోద్ది, తండ్రి లేడు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ఫస్టుక్లాసు. ఒక్క రాత్రిలో 140 మంది ప్రొఫెసర్లకి ఒకే ఉత్తరం పంపింది. రెండు జవాబులొచ్చాయి. రెండూ ఆ ప్రొఫెసరు సెలవులో ఉన్నాడని మిషను తనంతట తాను పంపినవి. "మన ఇంగ్లీషుకి ఎవరు జవాబిస్తారు సార్" అని ఏడ్చింది.

ఉత్తరం చదివాం. ఇంగ్లీషు బానే ఉంది. లోపల ఉన్నది మాత్రం అర్జీ. "గౌరవనీయులైన సార్, నేను పేద కుటుంబంలో పుట్టాను, చిన్నప్పటి నుంచి కష్టపడి చదివాను, మీ పరిశోధన నాకు చాలా ఇష్టం, దయచేసి అవకాశం ఇవ్వండి." అందుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు, అందరికీ సారే. ఏ పరిశోధన ఇష్టమో ఒక్క మాట లేదు. అసలు సంగతి బయోడేటా మూడో పేజీలో, చివరి లైనులో దాక్కునుంది. ఆ పిల్ల ఎనిమిది నెలలపాటు కనిగిరి వైపు పల్లెల్లో తిరిగి బోరు నీళ్ళు పట్టుకొచ్చి, ఫ్లోరైడు ఎంతుందో ల్యాబులో కొలిచింది. ఆ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయినవాళ్ళని ఇంటింటా చూసింది. ఫ్లోరైడుని పట్టి ఉంచే పదార్థాల మీద ప్రాజెక్టు రాసింది.

"ఇది మొదట ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగాం.

"అది మా ఊళ్ళ గోల గదా సార్, వాళ్ళకెందుకు?" అంది.

చూశారా, కులం ఎక్కడ కూర్చుందో! కష్టాన్ని చెప్పుకోమంటే పేజీలు చెబుతాం. చేసిన పని చెప్పమంటే నోరు రాదు. మన పనికి విలువుందని మనకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ రాయించాం. రెండు వారాలు పట్టింది, ఎందుకంటే ముందు చదవాలి. నీటి శుద్ధి మీద పనిచేసే ప్రొఫెసర్లని 11 మందిని ఎంచుకుంది. ఒక్కొక్కరివి ఈ మధ్య వచ్చిన పేపర్లు రెండేసి చదివింది. పై గడిలో, సబ్జెక్టు అంటారే, అక్కడ సంగతి సూటిగా: ఏ ఏడాదికి, ఏ కోర్సుకి, ఏ విషయం మీద. తర్వాత మొదటి వాక్యం నేనెవర్ని. రెండోది నేనేం చేశాను, ఎన్ని బోర్లు, ఏ పరికరంతో కొలిచాను. మూడోది మీ ఫలానా పేపరు చదివాను, అందులో చెప్పిన పద్ధతి ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో ఎంతవరకు పనిచేస్తుందని నాకో ప్రశ్న. నాలుగోది అసలు అడగాల్సింది: వచ్చే ఏడాదికి విద్యార్థిని తీసుకుంటున్నారా, అసిస్టెంటు చోటుందా? అంతే. ఫోను తెర మీద ఒకసారి జరిపితే అయిపోవాలి. బయోడేటా పీడీఎఫ్‌గా జతపరచాలి. పేరుకి ముందు ప్రొఫెసర్ అని రాస్తే చాలు, సారో మేడమో తేల్చక్కర్లేదు. ఇంకో మాట, నవ్వకండి. సినిమా హీరో పేరు మీద పెట్టుకున్న మెయిలు ఐడీ మానేసి సొంత పేరుతో ఒకటి తెరవండి.

పదకొండు ఉత్తరాలకి నాలుగు జవాబులొచ్చాయి. ఇద్దరు డబ్బు లేదన్నారు. 2025లో అక్కడి ప్రభుత్వం పరిశోధన గ్రాంట్లు కోసేసింది, చాలా యూనివర్సిటీలు సీట్లు తగ్గించుకున్నాయి. కాబట్టి అది మన పిల్ల తప్పు కాదు. ఒకరు దరఖాస్తు పెట్టు, చూస్తానన్నారు. ఒకావిడ అరగంట కంప్యూటర్లో ఎదురుగా కూర్చుని మాట్లాడింది, మాట్లాడిందంతా కనిగిరి నీళ్ళ గురించే. పిల్ల డిసెంబరులో దరఖాస్తు పెట్టింది. ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా ఆ అరగంట తర్వాత మా ముందు కూర్చున్న పిల్ల వేరు.

అగ్రకులాల పిల్లలకి ఇవన్నీ పుట్టుకతో వచ్చాయా? లేదు. వాళ్ళ మేనమామ డాలస్‌లో ఉంటాడు, పెదనాన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. రాత్రి రాసిన ఉత్తరం పొద్దున్నకి దిద్ది వస్తుంది. దాన్ని తెలివి అంటారు, మెరిట్ అంటారు. మేం దాన్ని చుట్టరికం అంటాం. మనకి డాలస్‌లో మామయ్య లేడు కాబట్టి సంఘమే మామయ్య కావాలి.

బాబాసాహెబ్ ఎలా పోయాడు? 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్లతో కొలంబియాకి పోయాడు. ఆయన గురువు సెలిగ్మన్, తర్వాత 1925లో ఆయన పుస్తకానికి ముందుమాట రాశాడు. గురువుకీ శిష్యుడికీ మధ్య ఉన్నది పని. అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి రాసిన చిన్న ఉత్తరం ఉంది. ముఖపరిచయం లేదు. నేను అంటరానివాళ్ళలో ఒకణ్ణి అన్నాడు. మీ నీగ్రో సమస్యని చదువుతూ వస్తున్నాను, మీ స్థితికీ మా స్థితికీ పోలిక ఉంది అన్నాడు. ఐక్యరాజ్యసమితికి మీవాళ్ళు పెట్టిన విజ్ఞప్తి కాపీలు రెండో మూడో పంపమన్నాడు. కులం చెప్పాడు, కానీ జాలికోసం చెప్పలేదు. తనకి తెలిసిన విషయంగా చెప్పాడు. డుబోయిస్ జవాబు రాశాడు.

పిల్లలు మమ్మల్ని అడిగేది కూడా ఇదే: కులం రాయాలా వద్దా? మా అభిప్రాయం చెప్తాం. నీ పరిశోధనకి సంబంధం ఉంటే తలెత్తి రాయి. లేకపోతే నీ పని రాయి. అవతల ఉన్నది మన దేశపు ప్రొఫెసరయితే ఇంటిపేరు చూసి ఏమనుకుంటాడోనని భయం ఉంటుంది. ఆ భయం ఉత్తిది కాదు. అక్కడ కూడా కులం ఉంది కాబట్టే బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో వివక్ష నిషేధంలో కులాన్ని చేర్చాయి. పోయే చోట అలాంటి నిబంధన ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇక్కడే రీసెర్చి చేసేవాళ్ళకీ ఈ ఉత్తరం పనికొస్తుంది. జె.ఆర్.ఎఫ్. 2023 నుంచి నెలకి 37,000 అయింది, కానీ ఫెలోషిప్పు చేతిలో ఉన్నా గైడు దొరకాలి గదా. దొరికాక డబ్బు టైముకి రావాలి. రోహిత్ వేముల 2016 జనవరిలో చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్పు బాకీ ఉంది. అందుకే ఎక్కడికి పోయినా, జీతం ఎంత, ఎన్ని నెలలు, ఎవరిస్తారు అనేది కాగితం మీద తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు. కూలి మాట్లాడుకోకుండా చేలో దిగుతామా?

ఇక చేయాల్సిన పని. అమెరికాలో దరఖాస్తుల గడువు ఎక్కువచోట్ల డిసెంబరు, జనవరిలో ముగుస్తుంది. ఉత్తరాలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పోవాలి. జవాబు రాకపోతే రెండు వారాలకి ఒకసారి గుర్తుచేయండి, తర్వాత వదిలేయండి. దరఖాస్తు ఫీజు మాఫీ చాలాచోట్ల అడిగితే ఇస్తారు, అడగండి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి ఈ హాల్లోనే కూర్చుంటాం. సైన్సు టీచర్లు ఇద్దరు, ఇంగ్లీషు లెక్చరరు ఒకరు వస్తామన్నారు. చేసిన ప్రాజెక్టు రిపోర్టు, మార్కుల లిస్టులు, రాసుకున్న ఉత్తరం ఉంటే అదీ తెచ్చుకోండి. ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే తల్లులు మీరూ కలిసి రండి. మధ్యాహ్నం అన్నం సంఘం పెడుతుంది.

జై భీమ్!