మ్యూజియం చూడ్డానికి ముందుచూపు కావాలి

(గన్నవరంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బతికి ఉన్నామని ఏటా ఒక కాగితం దాఖలు చేస్తున్నాం. అది పెన్షను కోసం. ఆ బతుకులో మనం వెళ్లి వచ్చే చోట్లు ఏమిటో ఒకసారి లెక్క వేయండి. బ్యాంకు, ఆసుపత్రి, గుడి, పెళ్లి, పరామర్శ. ఈ జాబితాలో మ్యూజియాన్ని కూడా చేర్చమని అడగడానికే ఈ నాలుగు మాటలు.

అది బడిపిల్లలు చూసేది కదా అనవచ్చు. మన సర్వీసంతా చేతుల మీదుగా నడిచిన ప్రభుత్వ కాగితాల మీద రాష్ట్ర చిహ్నం ఉండేది. దాని నడుమ పూర్ణకుంభం. వేల ఫైళ్లు తిరగేసినా ఆ కుంభాన్ని నిలిచి చూసినవాళ్లం తక్కువ. అలాంటి పూర్ణకుంభాలను, పద్మాలను సుమారు రెండు వేల ఏళ్ల నాడు రాతిలో చెక్కిన పనితనం అమరావతిలో కేంద్ర పురావస్తు శాఖవారి మ్యూజియంలో మొదటి గదిలోనే కనబడుతుంది.

ఆ స్తూపాన్ని 1797లో కల్నల్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. తరువాత ఆ రాళ్లలో చాలా భాగం మద్రాసుకు, అక్కడి నుంచి కొన్ని లండనుకు చేరాయి. లండను బ్రిటిష్ మ్యూజియంలో నేటికీ నూటికి పైగా అమరావతి శిల్పాలున్నాయి. వాటిని చూడ్డానికి ఖండాలు దాటాలి. ఇక్కడ మిగిలినవాటిని చూడ్డానికి బస్సెక్కితే చాలు. కాళ్లు ఆడుతున్నప్పుడే ఎక్కాలి, అంతే.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, వరుస నంబర్లు లేనిదే మాట్లాడలేను.

ఒకటి, వారం. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి కూడా శుక్రవారమే. ఆదివారం ఆఫీసులకు సెలవు కనుక మ్యూజియానికీ సెలవేననుకోకండి. పండుగ రోజుల్లో మాత్రం ముందు ఫోను చేసి కనుక్కోండి.

రెండు, టిక్కెట్టు. అమరావతిలో పెద్దలకు 5 రూపాయలు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబరు 19 వారసత్వ వారోత్సవాల మొదటి రోజు. ఈ తేదీల్లో ఇటీవలి సంవత్సరాలలో పురావస్తు శాఖవారు అందరికీ ఉచిత ప్రవేశం ప్రకటిస్తూ వస్తున్నారు. ఆ వారం పేపరు చూసి బయలుదేరండి. నా సలహా మాత్రం నవంబరే. మే నెలలో మన ఎండకు 5 రూపాయలు మిగుల్చుకుని సెలైను బాటిలుకు ఎంత పెట్టాలో మీకు తెలియనిది కాదు.

మూడు, ప్రయాణం. ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది. ఆడవారికి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంటే ఇంట్లోవారికి టిక్కెట్టు లేదు, మనకు ముప్పావు టిక్కెట్టు. ఆధార్ కార్డు మాత్రం మరవకూడదు. ఇంకొక మాట. రాజధాని ప్రాంతమూ అమరావతే, పాత ఊరూ అమరావతే. కండక్టరుతో "అమరేశ్వరస్వామి గుడి ఉన్న అమరావతి" అని స్పష్టంగా చెప్పండి.

అక్కడిదాకా ఇప్పుడు ఓపిక లేదనుకుంటే బెజవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం ఉంది. గన్నవరం నుంచి రామవరప్పాడు మీదుగా వెళ్లి, బస్సు దిగి ఆటో ఎక్కితే సరి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం సందర్భంగా కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయల్ దానికి శంకుస్థాపన చేశాడు. మనం చాలాకాలం విక్టోరియా మ్యూజియం అని పిలుచుకున్నది అదే. బాగుచేసి 2020 అక్టోబరులో కొత్త పేరుతో తెరిచారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల వేళ మన జిల్లావారైన పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా చూపిన జ్ఞాపకం ఆ మ్యూజియంతో ముడిపడి ఉంది. మొదటిసారి వెళ్లేవారికి ఇది దగ్గరి దారి.

నాలుగు, లోపల. అన్నీ చూడాలని పట్టుపట్టవద్దు. ఐదు వస్తువులు ఎంచుకుని, ఒక్కొక్కదాని ముందు ఐదు నిమిషాలు నిలబడండి. గంటన్నర చాలు. చదివే కళ్లజోడు తీసుకువెళ్లండి, పక్కన రాసిన పలకలు అది లేనిదే కనబడవు. టిక్కెట్టు తీసుకోగానే మరుగుదొడ్డి ఎక్కడ, కూర్చునే చోటు ఎక్కడ అని అడగండి, మొహమాటం వద్దు. షుగరు ఉన్నవారు తినవలసింది ముందే తిని వెళ్లండి. జారని చెప్పులు వేసుకోండి.

ఐదు, మనుమలు. వాళ్లకు పాఠం చెప్పబోకండి. పలక మీద రాసింది పిల్లవాణ్ణి పైకి చదవమనండి, మనం విందాం. మన కళ్లకు పని తగ్గుతుంది, వాడికి తెలుగు వస్తుంది. పిల్లలు లండనులో ఉంటే బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గదికి వెళ్లమనండి. అక్కడ ప్రవేశం ఉచితమే. వాళ్లు అక్కడి రాళ్లు చూసి, మనం ఇక్కడివి చూసి ఫోనులో మాట్లాడుకుంటే, బీపీ ఎంత, షుగరు ఎంత అన్నవి కాక వేరే మాటలు దొరుకుతాయి.

ఆరు, సందర్శకుల పుస్తకం. బాగుంది అని రాసి సంతకం పెట్టి రావద్దు. బెంచీ కావాలంటే ఏ గదిలో కావాలో రాయండి. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేకపోతే అదీ రాయండి. తేదీ వేయండి. కాగితం మీద లేనిది ఆఫీసులో లేనట్టేనని మనకన్నా తెలిసినవారెవరు? ముసలివాళ్లు రాని చోట ముసలివాళ్ల కోసం ఎవరూ కుర్చీ వేయరు.

చివరిగా ఒక ప్రతిపాదన. కార్తీకమాసంలో మనలో చాలామంది పంచారామాలకు వెళుతూనే ఉంటారు. అమరావతిలో కృష్ణ స్నానం, దర్శనం, భోజనం చేసి బస్సెక్కుతారు. మ్యూజియం ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఈ కార్తీకంలో సోమవారాల రద్దీ, శుక్రవారం సెలవు తప్పించి ఒక రోజు చూసుకుని, పన్నెండు మంది మించకుండా ఒక జట్టుగా వెళదాం. మ్యూజియం అధికారికి వారం ముందు ఉత్తరం రాసే పని నాకు వదిలేయండి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందు పేర్లు ఇవ్వండి. వచ్చే ఏటికి వాయిదా వేసుకునే వీలు అందరికన్నా తక్కువ ఉన్నది వారికే.

 సెలవు.