పెద్దల సభకు పట్టభద్రుల ఓటు

అమెరికా ఎగువ సభ అయిన సెనేట్‌కు సభ్యులను ఒకప్పుడు ప్రజలు కాక రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకునేవి. 1909లో ఇల్లినాయ్ శాసనసభ నెలల తరబడి ఎటూ తేల్చుకోలేక, చివరకు 95వ విడత ఓటింగులో విలియం లోరిమర్‌ను గెలిపించింది. ఆ ఓటుకు డబ్బు పుచ్చుకున్నానని మరుసటి ఏడాది ఒక సభ్యుడు షికాగో ట్రిబ్యూన్ పత్రికలో బయటపెట్టగా, 1912 జూలైలో సెనేట్ ఆ ఎన్నిక చెల్లదని తేల్చింది. 1913లో 17వ రాజ్యాంగ సవరణ ఆ ఓటును నేరుగా ప్రజల చేతికిచ్చింది.

భారతదేశం వేరే దారి పట్టింది. రాజ్యసభ సభ్యులను నేటికీ ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు, కాకపోతే 2003 సవరణ తరువాత ఓటేసిన బ్యాలెట్‌ను తమ పార్టీ ఏజెంటుకు చూపాలి. ఎగువ సభ ఎన్నికలో మామూలు పౌరుడికి నేరుగా ఓటు దక్కేది శాసన మండలిలోనే, అదీ పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు మాత్రమే. తెలంగాణ మండలిలోని 40 స్థానాల్లో పట్టభద్రులవి మూడు. మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులు మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ స్థానం కిందికి వస్తారు.

2021 మార్చి 14న అక్కడ 93 మంది పోటీ పడ్డారు. దినపత్రిక పుటంతటి బ్యాలెట్ మీద, పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన వయొలెట్ రంగు స్కెచ్ పెన్నుతోనే, నచ్చిన అభ్యర్థి ఎదుట 1, ఆ తరువాతి వారి ఎదుట 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ, అంటే కోటా, తొలి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ రాలేదు కనుక, అందరికన్నా తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతూ పోయారు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో 17న మొదలైన లెక్కింపు ముగిసి 20న సురభి వాణీదేవి గెలిచారని ప్రకటించారు, ఓడిన ఎన్.రామచందర్‌రావు అప్పటి సిటింగ్ సభ్యుడు. ఇంతటి శ్రమతో కూడిన లెక్కింపు ఓటరు రెండో ఎంపికకూ విలువ ఇస్తుంది, అది నిజంగా గౌరవించదగినది.

లోపం జాబితాలో ఉంది. శాసనసభ ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన ఇక్కడ ఓటు రాదు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడిచినవారు ఫారం-18 నింపి, పట్టా నకలు జోడించి నమోదు కావాలి, పైగా ప్రతి ఎన్నికకూ ఈ జాబితాను మొదటినుంచీ కొత్తగా తయారుచేస్తారు. ఏటా అద్దె ఇల్లు మారే, రాత్రి షిఫ్టుల్లో పనిచేసే కొండాపూర్ ఇంజనీరుకు నమోదు గడువు ఎప్పుడొచ్చి వెళ్లిందో తెలియకపోవచ్చు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపించే కార్యకర్తలున్న పార్టీకి మాత్రం అది బాగా తెలుసు. అడిగినవారికే దక్కే ఓటు కావడంతో, అడిగించగలిగినవారి బలం పోలింగుకు నెలల ముందే పనిచేస్తుంది. 2021లో ఎన్నికైన సభ్యురాలి ఆరేళ్ల పదవీకాలం 2027లో ముగుస్తుంది. నాడు వరుసలో నిలబడి ఓటేసినవారు సైతం ఆ ఎన్నికకు మళ్లీ ఫారం-18 పట్టుకొని, పట్టా నకలుతో దరఖాస్తు చేసుకోవలసిందే.