కలిసి చదివిన వెయ్యి పేజీలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ బ్యాచ్ వాళ్లు ఆన్‌లైన్లో పెద్ద పెద్ద నవలలు చదువుతున్నారట కదా, దాని గురించి పది నిమిషాలు మాట్లాడు" అని కార్యదర్శిగారు అడిగారు. వెయ్యి పేజీల సంగతి పది నిమిషాల్లో చెప్పమంటే ఎలాగండీ అన్నాను. "మరి మిగతావాళ్లు మాట్లాడొద్దా?" అన్నారు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' చదివానని నేను నలభై ఏళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పాను. పెళ్లిచూపుల్లో కూడా చెప్పాను. నిజానికి ఇంటర్మీడియెట్ సెలవుల్లో మొదలుపెట్టి రెండు వందల పేజీల దగ్గర ఆపేశాను. మా ఆవిడ ఈ సభలోనే ఉంది. ఈ సంగతి ఆవిడకు ఇప్పుడే తెలుస్తోంది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిండా గుడ్ మార్నింగ్ పూలు, కషాయం చిట్కాలు, చావు కబుర్లు. ఒకరోజు విశాఖలో ఉండే మా క్లాస్‌మేట్ ఒకావిడ, "ఇవన్నీ ఆపి, అందరం కలిసి ఒక పుస్తకం చదువుదామా?" అని పెట్టింది. ఏ పుస్తకం అంటే, "ఒంటరిగా ఎవరమూ పూర్తిచెయ్యలేనిది" అంది. పదో తరగతి కాగానే పెళ్లిచేస్తే చదువు ఆగిపోయిన మనిషి ఆమె. నాలాగే వేయిపడగలు దగ్గర ఆగిపోయినవాళ్లు గ్రూపులో ఏడుగురు తేలారు. అలా మొదలైంది.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే, బహుమతిని అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కూ ఈ వేయిపడగలుకూ చెరి సగం పంచారు. ఇంత పెద్ద నవలను విశ్వనాథవారు 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారని చెప్పుకుంటారు. తర్వాత పి.వి. నరసింహారావుగారు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. 29 రోజుల్లో రాసినదాన్ని మేము నాలుగు నెలల్లోనైనా చదవలేమా అని పట్టుబట్టాం.

లెక్క వేస్తే రోజుకు ఎనిమిది పేజీలు. మొదటి వారమే చిక్కొచ్చింది. ఒకరి దగ్గర నాన్నగారి కాలం నాటి ప్రతి, ఒకరి దగ్గర కొత్త ముద్రణ. ఒకరు ఎనభయ్యో పేజీ అంటే ఇంకొకరి పుస్తకంలో అక్కడ వేరే కథ నడుస్తోంది. పేజీల లెక్క వదిలేసి అధ్యాయాల లెక్కకు మారాం. ఆదివారం సాయంత్రం ఏడింటికి జూమ్‌లో కలిసేవాళ్లం. న్యూజెర్సీలో ఉన్నవాడికి అది పొద్దున్న తొమ్మిదిన్నర. వాడు కాఫీ తాగుతుంటే మేము మజ్జిగ తాగేవాళ్లం.

మూడు నియమాలు పెట్టుకున్నాం. ముందు చదివేసినవాళ్లు కథ బయటపెట్టకూడదు. వెనకబడినవాళ్లు క్షమాపణ చెప్పకూడదు. నచ్చలేదంటే ఎక్కడ నచ్చలేదో ఆ చోటు చదివి వినిపించాలి. మూడోది మా తెలుగు మాష్టారు చెప్పింది. చూపు మందగించడం వల్ల ఆయన చదవలేరు. అందుకని రోజూ ఒకరం అధ్యాయాన్ని పైకి చదివి రికార్డు చేసి పంపేవాళ్లం. తప్పు పలికితే ఎనభై ఏడేళ్ల వయసులో కూడా ఫోన్ చేసి దిద్దేవారు. "ఒరేయ్, అది 'శ' రా, 'స' కాదు" అని ఆయన అంటే ఆ గొంతుకు మళ్లీ చేతులు కట్టుకు నిలబడ్డాను. మొదట పధ్నాలుగురం. నెల తిరిగేసరికి పదకొండుగురం మిగిలాం.

ఏడోవారంలో తగువు వచ్చింది. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆ తగువు గురించి చెప్పడానికే.

వేయిపడగలు సుబ్బన్నపేట అనే ఊరి కథ. ఆ ఊరి దేవుడు సుబ్రహ్మణ్యేశ్వరుడి వేయి పడగలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటాయి. పాత ధర్మం, పాత కట్టుబాటు క్షీణిస్తున్నాయని రచయిత బాధ. మాలో చాలామందికి ఆ బాధ తెలిసినదే. చెరువు పూడిపోయింది, గుడి మాన్యం పోయింది, పొలాలు ప్లాట్లయ్యాయి. మేము కూడా మన ఊరిని తలుచుకుని నిట్టూరుస్తున్నాం. అప్పుడు, బడిలో ఐదేళ్లు నా పక్కన కూర్చున్న మిత్రుడు ఒకడు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు, అడిగాడు: "అంతా బాగుంది. ఈ సుబ్బన్నపేటలో మా వాడ ఎక్కడుంది? పడగలు పోతున్నాయని మీరందరూ ఏడుస్తున్నారు. ఆ పడగ నీడ మా తాత మీద ఎప్పుడైనా పడిందా?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకరు, "పుస్తకాన్ని పుస్తకంలా చదవాలి, అందులోకి కులం ఎందుకు తెస్తావు?" అన్నారు. "నేను తేలేదు. పుస్తకంలోనే ఉంది" అన్నాడు వాడు. మాటా మాటా పెరిగింది. ఆ రాత్రి వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు.

మాష్టారికి చెప్పాను, వాణ్ణి మీరు ఒకసారి పిలవండి, మీ మాట కాదనడు అని. ఆయన, "వాణ్ణి పిలవడం తర్వాత. వాడు అడిగినదానికి మీలో ఎవరైనా జవాబు చెప్పారా?" అన్నారు. లేదన్నాను. "ఉన్నవవారి మాలపల్లి మీలో ఎవరైనా చదివారా?" లేదన్నాను. కొంచెంసేపు ఆగి, "నలభై ఏళ్ల కిందట నేనూ మీకు చెప్పలేదురా. సిలబస్‌లో లేదని ఊరుకున్నాను. అది నా తప్పు" అన్నారు. నాకు తెలిసి ఆయన తన తప్పని ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ మాటే మిత్రుడికి మెసేజ్ పెట్టాను. వేయిపడగలు అయ్యాక మాలపల్లి చదువుదాం, ఆదివారాలు నువ్వే నడిపించు అని అడిగాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "నడిపిస్తాను. ముందు ఇది కూడా పూర్తిచేస్తాను. సగంలో వదిలితే ఓడిపోయినట్టు ఉంటుంది." కులం ఎందుకు తెస్తావన్న మిత్రుడు కూడా వాడికి విడిగా ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు, మేము అడగలేదు.

తిరిగొచ్చాక వాడు చదివినంత శ్రద్ధగా మాలో ఎవరూ చదవలేదు. అరుంధతి చనిపోయే ఘట్టం వాడే పైకి చదివి మాష్టారికి పంపాడు. ఆ ఆదివారం, "ఈయనతో నా తగువు తీరలేదు. కానీ ఈ పేజీలు రాసినాయనకు దుఃఖం తెలుసు" అన్నాడు. తగువు తీరకుండానే ఒక పుస్తకాన్ని గౌరవించవచ్చని ఆ రోజు తెలిసింది.

తర్వాత మాలపల్లి. అదీ చిన్న నవలేం కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్వాతంత్ర్యోద్యమంలో అరెస్టయి, వేలూరు జైల్లో ఉండగా రాశారు. 'సంగవిజయం' అని దానికి ఇంకో పేరు. ఆనాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మంగళాపురం అనే ఊళ్లో రామదాసు కుటుంబం కథ. వ్యవహార భాషలో, మన గుంటూరు పలుకులో ఉంటుంది. విశ్వనాథవారి వాక్యానికి అలవాటుపడ్డ చెవికి మొదట వింతగా తోచింది. రెండు వారాల్లో మా నాయనమ్మ మాట్లాడుతున్నట్టే అనిపించింది.

అందులో రామదాసు కొడుకు సంగదాసుకూ, ఊరి పెద్దరైతు చౌదరయ్య కొడుకు రామానాయుడికీ స్నేహం. సంగదాసు చౌదరయ్య దెబ్బకే చనిపోతాడు. ఆ అధ్యాయం అయిన ఆదివారం అందరూ వెళ్లిపోయాక మిత్రుడూ నేనూ ఇద్దరమే లైన్లో మిగిలాం. వాడు మామూలుగానే, "మీ ఇంటి అరుగు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. పదో తరగతి పరీక్షల ముందు లెక్కలు చేసుకోవడానికి వాడు మా ఇంటికి వచ్చేవాడు. అరుగు మీదే కూర్చునేవాళ్లం. ఒకరోజు మంచినీళ్లు అడిగితే మా నాయనమ్మ చెంబుతో తెచ్చి, పైనుంచి వాడి దోసిట్లో పోసింది. నా గ్లాసు నా పక్కనే ఉంది. "ఆ రోజు నువ్వు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నావు" అన్నాడు.

అవును, చూస్తూ కూర్చున్నాను. అదే చెప్పాను. ఇంకేదో అనబోతుంటే వాడు ఆపాడు. "సారీ కోసం అడగలేదురా. నీకు గుర్తుందో లేదో తెలుసుకుందామని. సరే, రేపు ఎక్కడిదాకా చదవాలి?" అన్నాడు. చెప్పాను. వాడి అనుమతి తీసుకునే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాను. వాడు అదిగో, మూడో వరసలో ఉన్నాడు.

నలభై ఏళ్లలో మేము ఎన్నోసార్లు కలిశాం. పెళ్లిళ్లలో కలిశాం, రీయూనియన్లలో కలిసి ఫొటోలు దిగాం. ఆ మాట ఎప్పుడూ రాలేదు. రెండు గంటల విందులో అలాంటి మాటకు చోటుండదు. నెలల తరబడి రోజూ ఒకే కథలో తిరిగితే, ఎవరి ఇంటి అరుగు వాళ్లకు ఎదురొస్తుంది. చిన్న కథైతే చదివి, బాగుందని ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటాం. పెద్ద నవలలో అలా తప్పించుకోవడం కుదరదు. ఇవాళ తగువు పడ్డవాళ్లం రేపటి అధ్యాయం దగ్గర మళ్లీ కలవాల్సిందే.

మూడోది టాల్‌స్టాయ్ 'యుద్ధము – శాంతి'. అందులో మొత్తం 361 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున జనవరి ఒకటిన మొదలుపెడితే ఏడాదికి నాలుగు రోజులు మిగులుతాయి. కొందరు తెలుగు అనువాదం, కొందరు ఇంగ్లీషు. మొదటి నెలంతా పేర్లతోనే కుస్తీ. ఒకే మనిషికి మూడు పేర్లేమిటని విసుక్కుంటే విశాఖ ఆవిడ, "మన ఊళ్లో సూర్యనారాయణ, సూరిబాబు, సూరిగాడు ముగ్గురూ ఒకరే కదా! పిలిచేవాళ్లను బట్టి పేరు" అని తేల్చేసింది. అందరికంటే ముందు ఆ రోజు అధ్యాయం పూర్తిచేసేది ఆమే. అత్తగారికి మందులిచ్చి పడుకోబెట్టాక, రాత్రి పదకొండింటికి. "పదో తరగతి తర్వాత నాకు ఎవరైనా హోంవర్కు ఇవ్వడం ఇదే" అనేది.

సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మిత్రుడు మాలో ఒకడున్నాడు. బడిలో తెలుగు వాచకం చదవమంటే బెంచీ కింద దాక్కున్నవాడు. ఆ నవలలో తూషిన్ అని ఒక చిన్న ఫిరంగిదళం కెప్టెన్ వస్తాడు. అండగా ఉండాల్సిన దళం వెళ్లిపోయినా తన ఫిరంగులతో నిలబడి పోరాడతాడు. చివరికి ఫిరంగులు వదిలి వచ్చావేమని పైవాళ్లు అతన్నే నిలదీస్తారు. ప్రిన్స్ ఆండ్రూ నోరు విప్పకపోతే అతని సంగతి అంతే. మా హవల్దారు ఆ రోజు ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. "ఇలాంటాయన దగ్గర నేను పనిచేశాను" అని మొదలుపెట్టాడు. వాడి సర్వీసు గురించి మాకెవరికీ అంతవరకు ఏమీ తెలియదు.

అన్నీ విజయాలే కావు. ఆ నవల చివరి భాగంలో కథ ఉండదు, చరిత్ర ఎలా నడుస్తుందన్న వాదన ఉంటుంది. అక్కడ నలుగురు ఆగిపోయారు. ఏడుగురం పూర్తిచేశాం. ఆగిపోయిన నలుగురు కూడా ఆదివారాలు వస్తూనే ఉన్నారు. నియమం ప్రకారం ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు.

చివరగా మన బడికి ఒక విన్నపం. మా రోజుల్లో హెడ్మాస్టరు గది పక్కన పుస్తకాల బీరువా ఉండేది. తాళం మాత్రమే మాకు బాగా తెలుసు. ఇప్పుడు గ్రంథాలయం గది ఉంది, సంతోషం. కానీ ఎక్కడ చూసినా ఒక పుస్తకానికి ఒకటే ప్రతి. ఒకటే ప్రతి ఉంటే ఒకరే చదువుతారు, అదీ ఒంటరిగా. అందుకని మా బ్యాచ్ తరఫున వేయిపడగలు పది ప్రతులు, మాలపల్లి పది ప్రతులు ఇవాళ బడికి ఇస్తున్నాం. రెండూ పక్కపక్కనే పెట్టమని కోరుతున్నాం. ఒక ఉపాధ్యాయుడు, తొమ్మిదిమంది పిల్లలు చాలు. వారానికి ఒక అధ్యాయమైనా ఫర్వాలేదు. పిల్లలు తగువు పడితే ఆపకండి. ఎక్కడ నచ్చలేదో ఆ చోటు చదవమనండి.

వచ్చే ఆదివారం సాయంత్రం ఏడింటికి మేము కొత్త పుస్తకం ఎంచుకుంటున్నాం. ఏ బ్యాచ్ వాళ్లైనా రావచ్చు. మాష్టారు కూడా ఉంటారు. ఒత్తులు కాస్త చూసుకుని రండి.