చిన్న సమస్య, పెద్ద జిజ్ఞాస



తెలిసికొనవలెనను కోరికకు మన పెద్దలు జిజ్ఞాస యని పేరిడిరి. ఇది బాలురకే గాని పెద్దలకు దగదని కొందరి తలంపు. “ఇంత వయస్సు వచ్చిన పిమ్మట నిప్పుడు నేర్చి యేమి చేయవలెను?” అనువారిని రచ్చబండయొద్ద దినదినము వినుచున్నాము. ఆకలి యెట్లో జిజ్ఞాసయు నట్లే. దానికి వయోభేదము లేదు. అయితే హద్దు లేనిచో నది నిలువదు. మెరకపై గురిసిన వాన నలుదెసలకు బారి యింకిపోవును. ఆ నీటికే గట్టు కట్టినచో చెరువగును. అట్లే శాస్త్రములన్నియు నేర్తునని బయలుదేరినవాడు నాలుగుదినములలో విసుగు చెందును. ఈ యొక్క ముడిని సాయంకాలములోపల విప్పుదునని కూర్చున్నవాడు మరునాడు మరియొక ముడిని వెదకుకొనును.

మన పూర్వు లీ మర్మ మెరిగియే సమస్యాపూరణమను వినోదమును గల్పించిరి. పృచ్ఛకుడు పైకి పొసగనట్టి యొక పద్యపాదము నిచ్చును. కవి తక్కిన పాదములను గూర్చి దానిని పొసగించవలెను. ఛందస్సు తప్పరాదు, ఇచ్చిన పాదము మారరాదు. ఛందస్సుమాట యటుంచి, “పట్టపగలు చుక్కలు కానవచ్చె” నను వాక్యమును మాత్రము తీసికొనుడు. కష్టములో బడినవానిని గూర్చి లోకమిట్లనును. అంతటితో దృప్తి నొందక యింకేమి యర్థములు గలవో వెదకుడు. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణసూర్యగ్రహణచ్ఛాయ తెలుగుదేశముమీదుగా సాగినది. సూర్యబింబము పూర్తిగా మరుగుపడినచోట పగలే చుక్కలు కనబడుట ప్రకృతిసిద్ధము. ఇది ఖగోళశాస్త్రము. సంక్రాంతినాడు వాకిట నిల్లాలు పెట్టిన ముగ్గులోనివియు చుక్కలే. ఇది గృహకళ. అడవిలోని దుప్పి యొడలిమీదివియు చుక్కలే. ఇది జంతుశాస్త్రము. ఒక్క వాక్యము మనల నాకాశమునకును, వాకిటికిని, అడవికిని ద్రిప్పి తెచ్చినది.

తిరుపతి వేంకటకవులని ప్రసిద్ధికెక్కిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఊరూర నవధానములు చేసి యీ యభిరుచిని జనసామాన్యమునకు దెచ్చిరి. అష్టావధానమున నెనమండుగురు పృచ్ఛకులు పట్టుకొన్నను జెదరని ధారణ యందరికి నలవడదు. ఎనిమిదింటిలో నొక్కటి మనకు జాలును. నేను పాఠశాలనుండి విశ్రాంతి గొన్న నాటినుండి ఉదయమున నొక సమస్యను గాని దత్తపదిని గాని పలకపై వ్రాసికొని దీపము పెట్టువేళకు బూరించుచున్నాను. నాలుగు పదములిచ్చి, వానిని వేరర్థమున జొప్పించి, భారతకథ చెప్పుమనుట వంటిది దత్తపది. కూరగాయల పేర్లతో ద్రౌపదిచే మాటాడింపవలసిన దినమున నిఘంటువు తెరవక తప్పదు. పద్యము సామాన్యముగనే యుండుగాక. దానికొరకై నేర్చిన పదము నాతో నిలుచును.

ఇట్టి సాధన పద్యముతోనే ముగియదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండిన గిడుగు వేంకటరామమూర్తిగారు (1863–1940) శ్రీముఖలింగదేవాలయమున జెక్కిన ప్రాచీనలిపిని జూచి, చదువ గోరిరి. నేర్పు గురువు లేకున్నను పుస్తకములు తెప్పించుకొని, ఆ లిపులను స్వయముగా నేర్చి, శాసనములను జదివిరి. పిమ్మట నా ప్రాంతపు కొండలలోని సవరల భాష నేర్వదలచి, తెలుగు తెలిసిన సవర నొకనిని దమ యింట నుంచుకొని మాటవెంట మాట వ్రాసికొనిరి. ఆ పని పెరిగి పెరిగి 1931లో సవరభాషావ్యాకరణముగను, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగను అచ్చుపడినది. వ్యావహారికభాషకై వారు సలిపిన వాదము నందరు నెరుగుదురు. గ్రాంథికమును విడువని నావంటివాడును ఆ పట్టుదలకు జేయెత్తి నమస్కరింపవలసినదే.

ఇక మన గ్రామముల మాట. మోట తోలిన చేతులు మన యూళ్లలో నింక నెన్ని మిగిలినవి? విద్యుత్తు పంపు వచ్చినది, మోట పోయినది. అది మేలే. ఎడ్లకును మనుష్యులకును శ్రమ తగ్గినది. కాని మోటతోపాటు మోకు, గిలక, తొండము మొదలగు మాటలును, తోలువాడు పాడిన పాటయు బోవుచున్నవి. నాగలిలో మేడి యేది, నొగ యేది, కర్రు ఏది యని మనుమని నడుగుడు. తెలియదనును. తప్పు వానిది కాదు, వాడు చూడలేదు. చూచినవారు మీరు.

1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములతో వెలువడినది. రైతులనోట విన్న మాటలే దానికి ధనము. అయినను ఏ పుస్తకమైన ప్రతి యూరి ప్రతి చేని పేరును ఇముడ్చుకొనగలదా? మీ పొలిమేరలోని చెరువు పేరును, దానికా పేరు వచ్చిన కథయు మీ యొద్దనే యున్నవి. మీతో నవి పోయినచో మరల తెచ్చువాడు లేడు.

కావున మూడు చిన్నపనులు విన్నవించుచున్నాను. మొదటిది: ఒక నోటుపుస్తకము గొని, ఒక్క పనిముట్టును గాని, ఒక్క వృత్తిని గాని యెన్నుకొని, దాని యంగముల పేర్లు బొమ్మతోసహ వ్రాయుడు. తెలియనిది వడ్రంగి నడుగుడు, కుమ్మరి నడుగుడు. అడుగుట చిన్నతనము కాదు. రెండవది: మీ యింటి వృద్ధురాలు పాడు జోలపాటనో, దంపుళ్లపాటనో ఆమె పలికినది పలికినట్లు, దిద్దక వ్రాయుడు. మూడవది: వారమున కొకమారు రచ్చబండయొద్ద నొక సమస్య నిచ్చి, పద్యము రానివారు వచనముననే పూరింపవచ్చునని చెప్పుడు. పిల్లలను గూడ బిలువుడు.

వీనికి ధనము వలదు, సభలు వలదు. ఒక్క హద్దును, ఒక్క గడువును జాలును. నేటిరాత్రికి బదిమాటలు వ్రాయుడు. పదునొకండవది మీకే తోచును.