కన్నం మూసి చూడండి

డబ్బాలో పప్పెంత ఉందో చూడకుండా మనం బజారుకు వెళ్ళం కదా! వరిపొలంలో ఎలుకల మందు దగ్గర మాత్రం ఆ జాగ్రత్త మరచిపోతాం. గట్టుమీద కనబడిన ప్రతి కన్నంలోనూ మందు పెట్టేస్తాం. నిజానికి ఒక్క ఎలుకే నాలుగైదు కన్నాలు తవ్వుకోవచ్చు. కొన్ని ఎప్పుడో విడిచిపెట్టినవీ ఉంటాయి.

ఎలుకలపై పరిశోధన చేసేవారు ముందు ఒక సర్వే చేస్తారు. సాయంత్రం కన్నాలన్నీ తడిమట్టితో మూసి, లెక్క రాసుకుంటారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తారు. లోపలినుంచి మట్టి తోసి తెరిచినవే కాపురమున్న కన్నాలు. 30 మూస్తే 12 తెరుచుకున్నాయనుకోండి, మందు ఆ పన్నెండింటికే. కొన్నాళ్ళకు మళ్ళీ మూసి చూస్తే మూడే తెరుచుకున్నాయా, ముప్పాతిక వంతు పని అయినట్టు. ఇది ఎలుకల సంఖ్య కాదండోయ్, ముందూ వెనుకా పోల్చుకునే కొలత మాత్రమే.

మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ, పిల్లి కూడా చనిపోవచ్చు. అవి మనకు జీతం లేని కాపలాదారులు. మందు తగ్గితే డబ్బూ మిగులుతుంది, అవీ మిగులుతాయి.

ఈ మూసే పని, రాసే పని మనమే చేసుకోవచ్చు. కన్నంలో చెయ్యి మాత్రం పెట్టకండి, పాము ఉండవచ్చు.